గ్రంథాలయంలో వేషధారుల కథాపఠనం: తల్లిదండ్రుల బాధ్యత

సంతానం అల్లాహ్ అప్పగించిన అమానతు. బిడ్డ ఏమి తింటున్నాడో చూచుకొన్నట్లే, ఏమి వింటున్నాడో, ఏమి చూస్తున్నాడో కూడా తల్లిదండ్రులు చూచుకోవలసి ఉంటుంది. రాయదుర్గం, మాదాపూర్ ప్రాంతాల కంప్యూటర్ సంస్థల నుండి ఉద్యోగరీత్యా భార్యాబిడ్డలతో అమెరికా వెళ్ళే ముస్లిం కుటుంబాలకు ఈ బాధ్యత ఒక కొత్త రూపంలో ఎదురవుతున్నది.

అక్కడి పౌర గ్రంథాలయాలలో పిల్లలకు ఉచితంగా కథలు చదివి వినిపించే ఆచారం ఎప్పటినుండో ఉన్నది. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రచయిత్రి మిషెల్ టీ పూనికతో ‘డ్రాగ్’ వేషధారులు వచ్చి కథలు చదివే పద్ధతి మొదలైంది. డ్రాగ్ అనగా, సాధారణంగా పురుషుడు ఆడంబరమైన స్త్రీవేషం ధరించి చేసే ప్రదర్శన. తెలుగు రంగస్థలంపై స్థానం నరసింహారావు (1902–1971) వంటి నటులు కూడా స్త్రీ పాత్రలు ధరించారు. అయితే అక్కడ పాత్రలో లీనం కావడం లక్ష్యం. డ్రాగ్‌లో వేషమే, దాని అతిశయమే ప్రదర్శన. పిల్లలకు చదువుపై మక్కువ, భిన్నమైన వారి పట్ల సహనం కలిగించడమే ధ్యేయమని నిర్వాహకులు చెబుతారు. స్త్రీపురుష భేదాన్ని గూర్చి ఒకానొక దృక్పథం పసి మనస్సులలో నాటుకుంటుందని ఆక్షేపించేవారు అంటారు.

ఈ విషయంలో షరీఅత్ ఏమంటున్నది? స్త్రీలను అనుకరించే పురుషులను, పురుషులను అనుకరించే స్త్రీలను దైవప్రవక్త (సల్లం) శపించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. అయితే ఇమామ్ నవవీ వంటి పండితులు ఒక తేడా చూపారు: పుట్టుకతోనే అట్టి స్వభావం గలవాడు నిందార్హుడు కాడు, బుద్ధిపూర్వకంగా అనుకరించేవాడికే ఆ హెచ్చరిక. ఉభయ లక్షణాలతో పుట్టిన ‘ఖున్సా’ నమాజును, వారసత్వాన్ని ఫిఖ్హ్ గ్రంథాలు ప్రత్యేకంగా చర్చించాయి. కనుక హిజ్రాలను గాని, వేషధారులను గాని పిల్లల ఎదుట ఎగతాళి చేయడం ధర్మం కాదు. ఎగతాళిని సూరా హుజురాత్ 11వ ఆయత్ నిషేధించింది.

ఇక చట్టం సంగతి. బడులలో, పౌర గ్రంథాలయాలలో ఇట్టి కథాపఠనాన్ని నిషేధిస్తూ మోంటానా రాష్ట్రం 2023లో చట్టం చేయగా, ఫెడరల్ న్యాయస్థానం అదే ఏడాది దాని అమలును తాత్కాలికంగా ఆపింది. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో వేరొక వివాదం నడిచింది. స్వలింగ సంబంధాలు, లింగ గుర్తింపు గూర్చిన కథల పుస్తకాలు బడిలో చదివేటప్పుడు తమ పిల్లలను మినహాయించాలని ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు కోరారు. వ్యాజ్యం తేలే వరకు వారికి ముందుగా తెలియజేసి, పిల్లలను మినహాయించాలని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 27న 6–3 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. ఆ పుస్తకాలను తొలగించమని మాత్రం చెప్పలేదు.

ఇక్కడ గమనించదగిన అంశమొకటి ఉన్నది. బడికి హాజరు నిర్బంధం. అందుచేత అక్కడ మినహాయింపు హక్కు అవసరమైంది. గ్రంథాలయానికి వెళ్ళడం ఐచ్ఛికం. కార్యక్రమాల పట్టిక చూచుకొని, తగినదానికే బిడ్డను తీసుకొని వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక తండ్రి తన బిడ్డ విషయంలో కోరే స్వేచ్ఛనే పొరుగువాడు తన బిడ్డ విషయంలో కోరుతాడు. పరాయి దేశంలో అల్పసంఖ్యాకులుగా ఉన్న ముస్లిములకు ఈ సూత్రమే రక్షణ కూడా.

అయితే దూరంగా ఉంచడంతోనే బాధ్యత తీరదు. నేడు గ్రంథాలయంలో చూడనిది రేపు వీధిలోనో, తెరపైనో బిడ్డ చూస్తాడు, ఎందుకని అడుగుతాడు. కసురుకుంటే ఆ ప్రశ్న ఇంకొకరి వద్దకు పోతుంది. అల్లాహ్ నియమించిన హద్దు ఏదో, అది ఎందుకో, హద్దు మీరినవానితో సైతం మర్యాద ఎట్లా తప్పరాదో శాంతంగా చెప్పే తల్లిదండ్రులు ఉన్నప్పుడే ఆ బిడ్డకు దీన్ ఇంటిలో దొరుకుతుంది. కుటుంబాన్ని కాపాడుకొనమని సూరా తహ్రీమ్ 6వ ఆయత్ విశ్వాసులపై ఉంచిన బాధ్యతలో ఈ శిక్షణ కూడా భాగమే.