కారు ‘మిస్సింగ్’ కొడుతోందా? ముందు నిప్పురవ్వ సంగతి చూడండి

ఆస్పత్రికి పదిహేను కిలోమీటర్లు. 108 వచ్చేదాకా ఆగలేని పరిస్థితి. నొప్పులు పడుతున్న ఆడమనిషినో, పాము కరిచిన రైతునో ఊళ్లో ఉన్న పాత కారులో ఎక్కించుకుని బయలుదేరాక, మెరక రోడ్డు మీద ఇంజను ‘టక్... టక్’మని ఎత్తేస్తే ఏం కావాలి? పల్లెల్లో కారు ఉన్నవారు, అద్దెకు తిప్పేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది.

మారుతి 800 కారు 1983 డిసెంబరులో వచ్చింది. దాని తయారీ, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాయి. ఓమ్నీ వ్యాను తయారీ 2019లో నిలిచింది. అయినా ఇలాంటి పాత బళ్లు ఊళ్లలో ఇంకా కనబడుతూనే ఉంటాయి. వీటిలో పెట్రోలు బళ్లకు తరచు వచ్చే జబ్బు మిస్సింగ్. డీజిలు ఇంజనుకు ప్లగ్గు రవ్వతో పని లేదు కనుక ఈ పరీక్షలు దానికి వర్తించవు.

రవ్వ ఎలా పుడుతుంది?

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. దాన్ని కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఆ కరెంటును వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. ప్లగ్గు కొనలో రవ్వ ఎగిరి పెట్రోలు ఆవిరి మండుతుంది. ఒక సిలిండరులో రవ్వ తప్పితే జోడెడ్ల బండిలో ఒక ఎద్దు మొరాయించినట్లే. బండి వణుకుతుంది, లాగదు, పెట్రోలు తాగుతుంది.

మిస్సింగ్ అనగానే కాయిల్, కార్బొరేటర్ మార్చేయడం రోగం తెలియకుండా మందు మింగడం లాంటిది. వరుసగా చూసుకుంటూ పోతే చాలాసార్లు చిన్న ఖర్చుతో తేలిపోతుంది.

తేలిక పనులు ముందు

మొదట బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. తెల్లగా, పచ్చగా బూజు పట్టి ఉంటే శుభ్రం చేసి బిగించాలి. ఎర్త్ వైరు వదులైనా మిస్సింగ్ వస్తుంది. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చెమ్మ చేరుతుంది. ఇంజను ఆపి, మూత విప్పి పొడిగుడ్డతో లోపల తుడవాలి. మూత మీద సన్నని నల్లగీత కనిపిస్తే అది కరెంటు పారిపోతున్న దారి. ఆ మూత మార్చవలసిందే.

రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా దూరం నుంచి చూడాలి. ప్లగ్గు వైర్ల వెంట నీలిరంగు మెరుపులు కనబడితే వైరు చిట్లినట్లు.

ఏ సిలిండరు పని మానింది?

పాయింట్లున్న పాత బండి అయితే ఇంజను ఆపి, ఒక వైరును మూతి దగ్గర పట్టుకుని ఊడదీయాలి. దానికి విడి ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజనుకు గట్టిగా ఆనేలా పెట్టాలి. తరువాత స్టార్టు చేయాలి. ఇంజను మరింత కుంటితే ఆ సిలిండరు అంతవరకు బాగా పనిచేస్తున్నట్లు. ఏ మార్పూ లేకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. రవ్వ కూడా కంటికి కనబడుతుంది. నీలిగా చురుగ్గా ఉంటే మంచిది, ఎర్రగా నీరసంగా ఉంటే బలం చాలనట్లు. నడుస్తున్నప్పుడు వైరును చేత్తో తాకరాదు. దగ్గరలో పెట్రోలు కారకుండా చూసుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

దొంగ సిలిండరు దొరికాక ఇంజను చల్లారనిచ్చి, దాని ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడాలి. మిస్సింగ్ కూడా పక్కకు వెళితే తప్పు ప్లగ్గుది. వెళ్లకపోతే వైరు మార్చి చూడాలి. అప్పటికీ తేలకపోతే వాల్వులు, రింగులు, గాలి లీకు సంగతి మెకానిక్కు చూడాలి. బయట బాగా కనిపించిన రవ్వ లోపల ఒత్తిడిలో విఫలం కావడమూ ఉంది.

ప్లగ్గు రంగు కూడా కథ చెబుతుంది. లేత కాఫీరంగు ఆరోగ్యం. పొడి నల్లమసి అయితే పెట్రోలు ఎక్కువ. జిడ్డుగా ఉంటే ఆయిలు పైకొస్తోంది. తెల్లగా కాలి ఉంటే ఇంజను వేడెక్కుతోంది.

వైర్లు ఊడదీసే ముందు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. అంబాసిడర్ పెట్రోలు ఇంజను వరుస 1-3-4-2. మూడు సిలిండర్ల మారుతి 800కు 1-3-2. వైర్లు తారుమారైతే లేని రోగం కొని తెచ్చుకున్నట్లే. ప్లగ్గును బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పాలి. మర చెడితే హెడ్ ఖర్చు మీద పడుతుంది.

అన్ని సిలిండర్లూ కుంటితే

అప్పుడు పాయింట్లు, కండెన్సర్, కాయిల్ చూడాలి. పాత అంబాసిడరులో పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. పాయింట్లు త్వరత్వరగా కాలి గుంటలు పడుతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ లేస్తే కాయిల్ బలహీనమై ఉండవచ్చు.

కొత్త కార్ల పద్ధతి వేరు

ఎలక్ట్రానిక్ కార్లలో నడుస్తున్న ఇంజను వైరు లాగరాదు. కంట్రోలు యూనిట్ చెడుతుంది, షాకు ప్రమాదం కూడా ఎక్కువ. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగితే మెకానిక్కు స్కానరు పెట్టి చూస్తాడు. పీ 0301 అని వస్తే ఒకటో సిలిండరు, పీ 0302 అయితే రెండోది. ప్లగ్గుకొక కాయిల్ ఉన్న కారులో ఆ కాయిల్‌ను పక్కదానితో మార్చాక తప్పు కూడా కదిలితే కాయిలే కారణం.

ఆ దీపం మిణుకు మిణుకుమంటే బండిని తోలడం మంచిది కాదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కన్వర్టరులోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది ఎర్రగా కాలుతుంది. అలాంటి బండిని కళ్లంలోనో, రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదనో ఆపితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఏడాది కష్టం బూడిద కావడానికి ఒక్క చెడిన ప్లగ్గు చాలు.

విడి ప్లగ్గు ఒకటి, ప్లగ్గు పానా, పొడిగుడ్డ, టార్చిలైటు బండిలో ఉంచుకోవడం మంచిది. కుంటుతున్న ఇంజనును పగలే, ఊళ్లోనే చూయించుకుంటే అర్ధరాత్రి నడిరోడ్డు మీద దిక్కుతోచని అవస్థ తప్పుతుంది.