జలగండము - జనారోగ్యము

చెరువులో మునిగి బిడ్డ మరణించినప్పుడు మన పల్లెలలో ముందుగా వినవచ్చు మాట ‘జలగండము’. రెండవది పంచనామా. ఈ రెండింటి నడుమ వైద్యుని మాట యెక్కడను వినబడదు. నొసటి వ్రాతయని తల్లిదండ్రులును, ప్రమాదమని ఠాణావారును, ప్రాణము పోయిన పిదప తాము చేయగలది లేదని వైద్యశాలవారును ఎవరికి వారే ఆ కథను ముగించుచున్నారు. కలరా సోకినప్పుడు గ్రామదేవత కోపమని చేతులు ముడుచుకొనిన కాలము గడచిపోయినది. నీటి మృత్యువు విషయమున మాత్రము మనమింకను ఆ కాలముననే యున్నాము.

ప్రపంచారోగ్యసంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదిక ననుసరించి 2021లో లోకమున నీటమునిగి మరణించినవారు దాదాపు 3 లక్షలు. అందు ఇంచుమించు నాల్గవవంతు అయిదేండ్లు నిండని పసివారు. నూటికి 92 మంది బీద దేశములవారును, మధ్యరకపు ఆదాయముగల దేశములవారును. వరదల పాలైనవారును, పడవ మునిగి పోయినవారును ఈ లెక్కలో చేరనేలేదు. మన దేశమున 2022లో ఇట్లు మరణించినవారు 38 వేలకు మించిరి. ఈ సంఖ్యను మనకు తెలిపినది ఆరోగ్యశాఖ కాదు, నేరముల లెక్కలు వ్రాయు సంస్థ! వ్యాధి యొక శాఖయందును, దాని చిట్టా వేరొక శాఖయందును ఉన్నప్పుడు చికిత్స యెట్లు కుదురును?

2016లో పాత వరంగల్లు జిల్లానుండి యేర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను చూడుడు. మూడింటను నీటి గుణము వేరు, అపాయము వేరు. జనగామ మెట్టసీమ, అచట గట్టులేని వ్యవసాయపు బావులే మృత్యుద్వారములు. దేవాదుల పథకమున గోదావరి జలము వచ్చి, ఎండిన చెరువులు నిండుట మన భాగ్యమే. కాని మట్టికొరకు త్రవ్విన గోతులు ఆ నీటిక్రింద దాగియున్నవి. మోకాటిలోతున నడచు బాలుడు మరుసటి యడుగున నిలువులోతున పడుచున్నాడు.

మహబూబాబాదు వాగుల సీమ. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు పొంగి మరిపెడ మండలమున వంతెనపై పోవు కారును ఈడ్చుకొనిపోగా తండ్రియు కుమార్తెయు మరణించిరి. ఆనాడే కేసముద్రము చెంత రైలుకట్ట కొట్టుకొనిపోయినది. భూపాలపల్లి జిల్లాలో 2023 జూలై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచివేయగా, ఇండ్ల కప్పులెక్కిన జనమును రక్షింపవలసివచ్చెను. 2025 జూనులో మేడిగడ్డ బ్యారేజి చెంత గోదావరిలో స్నానమునకు దిగిన ఆరుగురు యువకులు తిరిగి రాలేదు. ఒక్క సాయంకాలమున ఆరు దీపములారిపోయినవి. ఒక్కని కాపాడబోయి మరియొకడు దిగుటయే ఇట్టి సామూహిక మరణములకు తరచుగా హేతువగుచున్నది.

పోతనామాత్యుని బమ్మెర జనగామ జిల్లాలోనిదే. ఆ మహాకవి గజేంద్రుని మొర వర్ణించిన నాటినుండి, ఆపన్నుని పిలుపు వినగానే ఆయుధమైన చేపట్టక పరుగెత్తిన శ్రీహరి మన మనస్సున నిలిచియున్నాడు. ఆ కారుణ్యము మనకు ఆదర్శమే. కాని వట్టిచేతులతో మడుగులో దూకుట దేవునికి చెల్లును, మానవునికి చెల్లదు. మునుగువాడు చేతికందినవానిని గట్టిగా పట్టుకొని తనతోకూడ ముంచును. కావున ఒడ్డుననుండియే త్రాడో, గడకఱ్ఱయో, చీరకొంగో అందింపవలెను. మూతబిగించిన ఖాళీ డబ్బానైనను విసరవలెను. గజేంద్రునివలె మొరపెట్టుటయు మునుగువానికి సాధ్యము కాదు. ఊపిరికొరకే నోరు చాలదు, ఇక కేక యెక్కడిది? పసిబిడ్డ చప్పుడు లేకయే మునిగిపోవును.

ఒడ్డునకు చేర్చిన పిమ్మట జరుగు అనర్థము వేరు. తలక్రిందుగా వ్రేలాడదీయుట, భుజముపై వేసికొని పరుగెత్తుట, కడుపు నొక్కి నీరు కక్కించుట మనకు అలవాటు. కడుపులోని నీరు ప్రాణాంతకము కాదు. దానిని నొక్కినచో వాంతియై ఆ ద్రవము ఊపిరితిత్తులలో చేరును. ఇచట వ్యాధి యొక్కటే: ప్రాణవాయువు అందకుండుట. కొలది నిమిషములలో మెదడు చెడును, పిదప గుండె ఆగును. కావున వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, గడ్డమెత్తి, ముక్కు మూసి, నోటితో నోటిలోనికి అయిదుసారులు ఊపిరి ఊదవలెను. అప్పటికిని చలనము లేనిచో రొమ్ము నడుమ 30 సారులు వేగముగా నొక్కి, రెండుమారులు ఊదుచు, వైద్యసహాయము వచ్చువరకు మానరాదు. ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. తేరుకొని లేచి కూర్చున్నవానినిగూడ వైద్యశాలకు చేర్పవలెను. కొన్ని గంటల పిదపను శ్వాసకష్టము ముదురవచ్చును.

నివారణమునకు కోట్లు అక్కరలేదు. బంగ్లాదేశమున తల్లులు పనులలోనుండు ఉదయవేళ పసివారిని శిశుగృహములందుంచుటచే నీటి మరణములు మిక్కిలి తగ్గినవి. మన అంగన్వాడీలు ఆ పనికి పూనుకొనలేవా? ఆరేండ్లు నిండిన ప్రతి బాలునకు, ప్రతి బాలికకు ఈత నేర్పవలెను. సొరకాయబుఱ్ఱయు, జీలుగుబెండును కట్టి ఈత నేర్పిన తాతలు మనకుండిరి. నేటి పాఠశాలలో ఆ విద్యకు గంట లేదు. ప్రతి చెరువుకట్టపై త్రాడును, తేలు చక్రమును, లోతు తెలుపు పలకయు నుండవలెను. త్రాగినవాడును, తోడులేని మూర్ఛరోగియు నీట దిగరాదు.

భూస్వాములారా! మీ పొలములోని బావికి నాలుగడుగుల గోడ కట్టించుట దానము కాదు, ధర్మము. ఆ బావిలో పడువాడు మీ పాలేరు బిడ్డ కావచ్చును, మీ మనుమడు కావచ్చును. నీటికి కులమును లేదు, పట్టాయును లేదు.

కేంద్రారోగ్యశాఖ 2023 డిసెంబరులోనే నివారణ ప్రణాళికను ప్రకటించినది. ఈ మూడు జిల్లాలకును 2022, 2023 సంవత్సరములలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. మునిగిన ప్రతివాని వయస్సు, స్థలము, వేళ, హేతువు ఆ కళాశాలల పుస్తకమున నెక్కవలెను. ప్రతి గ్రామమున పదిమందికి ఊపిరిపోయు విద్యను అవి నేర్పవలెను. పంచనామా మరణించినవాని కథను ముగించును. ఈ పుస్తకము బ్రతుకవలసినవాని కథను ఆరంభించును. కాకతీయులు చెరువులు త్రవ్వించి మనకు నీరిచ్చిరి. ఆ నీటిచెంత మన బిడ్డలను నిలుపుకొనుట మన వంతు.