కొలిచిన అన్నం – తల్లికీ బిడ్డకూ క్షేమం

దంపతులారా! చక్కెర జబ్బున్న ఇల్లాలు ఇన్సులిన్ వాడుతుంటే, సూదిమందుకూ అన్నానికీ లెక్క కుదరాలి. అన్నం, రొట్టె, ఇడ్లీ ఒంట్లో చక్కెరగా మారేవే. 150 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 40 గ్రాములు. డాక్టరుగారు మోతాదు రాసేది ఆ లెక్క చూసే. కనుక రోజూ ఒకే గిన్నెతో కొలిచి తినండి.

సూది వేసుకుని తిండి మానితే చెమటలు, వణుకు వస్తాయి. వెంటనే 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకుంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి. 108కి ఫోను చేయండి.

బిడ్డ అవయవాలు ఏర్పడేది మొదటి నెలల్లోనే. అందుకే ముందు చక్కెర అదుపులోకి రానివ్వండి. అంతవరకు కుటుంబ నియంత్రణ పాటించండి. మోతాదు మాత్రం సొంతంగా మార్చకండి, మానకండి.