ఇల్లున్నది, కొనేవారు లేరు

“ఇల్లు అమ్మబడును” అన్న బోర్డు తగిలించి ఏళ్లు గడిచినా బేరం కుదరని పాత ఇండ్లు హైదరాబాదు పాతబస్తీలో కనబడుతూనే ఉంటాయి. వాస్తు బాగులేదనో, గల్లీ ఇరుకనో ఇరుగుపొరుగు అనుకుంటారు. అవి ధర తగ్గిస్తే తీరిపోయే లోపాలు. తగ్గించినా తీరనిది హక్కుల చిక్కు.

ఒక ఉదాహరణ చూడండి. తల్లిదండ్రులు లేని యజమాని మరణించాడు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మిగిలారు. అప్పులు, మెహర్ తీర్చిన పిమ్మట హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఇంటిని 40 భాగాలు చేస్తే భార్యకు 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. కుమారులు ఇల్లు అమ్మజూపుతారు. అత్తవారింటనున్న సోదరిని అడగరు. జహేజ్ ఇచ్చాము గదా, అదే ఆమె వాటా అంటారు. ధర్మశాస్త్రంలో ఆ మాటకు ఆధారం లేదు. కొనవచ్చినవాడు మాత్రం మొదట అడిగేది ఆమె సంతకమే.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు చూపితే చాలదా? అందులో రిజిస్టరైన దస్తావేజులే కనబడతాయి. వారసత్వానికి దస్తావేజు ఉండదు. నోటిమాటతో హిబా చేసి స్వాధీనపరచినా చెల్లుతుంది. అదీ అందులోకి ఎక్కదు.

పోనీ, ఒక కుమారుడు తన వాటా మాత్రమే అమ్మవచ్చు. కాని అవిభక్త కుటుంబ నివాసగృహంలో వాటా కొన్న పరాయివానికి అక్కడ ఉమ్మడిగా కాపురముండే హక్కును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఇవ్వదు. డబ్బిచ్చి వ్యాజ్యం తెచ్చుకునేదెవరు?

వారసులందరూ ఒకే దస్తావేజుపై సంతకం చేసి, సోదరి 7 భాగాల సొమ్మును రిజిస్ట్రేషన్ నాడే ఆమె చేతికిచ్చేటట్లయితే, అదే ఇరుకు గల్లీలోకి బేరగాళ్లు వస్తారు.