ఫోన్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో పెడితే స్క్రోలింగ్ తగ్గుతుందా?

యాప్ ఐకాన్ మీద ఎర్ర చుక్క కనిపిస్తే వేలు దానంతట అదే అటు వెళ్తుంది. ఆ ఎరుపునే తీసేస్తే? రెండు వారాలుగా నా ఫోన్ గ్రేస్కేల్‌లోనే ఉంది.

తేడా రీల్స్‌లో బాగా తెలిసింది. బిర్యానీ వీడియో కూడా బూడిద రంగులో చప్పగా ఉంటుంది. నాలుగైదు చూసేసరికి బోర్ కొట్టేస్తుంది. వాట్సాప్ చాటింగ్ మాత్రం ఏమీ తగ్గలేదు. అక్షరాలకు రంగుతో పనేముంది?

ఎలా ఆన్ చేయాలి?

ఐఫోన్: సెట్టింగ్స్ > యాక్సెసిబిలిటీ > డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ > కలర్ ఫిల్టర్స్ > గ్రేస్కేల్.

ఆండ్రాయిడ్: చాలా ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్‌లో ఉంటుంది.

షార్ట్‌కట్ తప్పనిసరి

మ్యాప్స్‌లో ట్రాఫిక్ చూడాలంటే రంగులు కావాల్సిందే. ఎరుపు, ఆకుపచ్చ గీతలు గ్రేస్కేల్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలంటే విసుగొచ్చి, ఒకసారి ఆఫ్ చేశాక మళ్లీ ఆన్ చేయబుద్ధి కాదు. అందుకే ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్ సెట్ చేసుకోండి, సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే చాలు. ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్‌ని క్విక్ సెట్టింగ్స్‌లో పెట్టుకోండి.

బ్యాటరీ ఆదా అవుతుందని మాత్రం ఆశపడకండి. అమోలెడ్ స్క్రీన్‌లో తెలుపు రావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వెలగాల్సిందే.

నా మాట: రీల్స్ తగ్గించాలంటే ట్రై చేయండి. చాటింగే మీ సమస్యైతే, నోటిఫికేషన్లు ఆపడమే మందు.