చేయి వెనుకకు తీసికొంటేనే పూసే తీగ



కుటుంబ దర్శనములకు వెళ్ళినప్పుడు మేము చూచినంతవరకు, ఇంటిలోపల పెంచే మొక్కలు నీరు లేక చనిపోవడముకంటె నీరు ఎక్కువై చనిపోవడమే ఎక్కువ. తల్లి ఒక చెంబు పోస్తుంది. కూతురు ఇంకొక చెంబు పోస్తుంది. బడినుండి వచ్చిన చిన్నవాడు కూడ తన వంతు పోస్తాడు. అందరిదీ ప్రేమే గాని, అడుగున వేరు కుళ్ళిపోతుంది. ఈ నెల మనము హోయా అనే తీగను గూర్చి తెలిసికొందము. దీనిని పెంచుట చాల తేలిక. అయితే ఎప్పుడు ఏమి చేయకూడదో తెలిసినవారికే ఇది పూస్తుంది.

ఈ తీగ ఎక్కడిది?

హోయాలలో వందలాది రకములు ఉన్నాయి. మన పడమటి కనుమలలోను, ఈశాన్య రాష్ట్రముల అడవులలోను కొన్ని రకములు పెరుగుతాయి. ఇండ్లలో ఎక్కువగా పెంచే రకము దక్షిణ చైనా, తైవాన్, దక్షిణ జపాను ప్రాంతములది. దాని ఆకులు దళసరిగా, నున్నగా ఉంటాయి. నక్షత్రము వంటి చిన్న పూవులు గుత్తిగా పూసి, మైనముతో చేసినట్లు మెరుస్తాయి. అందుచేతనే నర్సరీలవారు దీనిని వ్యాక్స్ ప్లాంట్ అని కూడ అంటారు. సువాసన రాత్రివేళ ఎక్కువగా వస్తుంది.

దీని పేరు వెనుక ఒక మంచి సంగతి ఉన్నది. ఇంగ్లండులో నార్తంబర్లాండ్ డ్యూకుకు సయాన్ హౌస్ అనే గొప్ప భవనము, తోట ఉండేవి. అక్కడ ప్రధాన తోటమాలి థామస్ హోయ్. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి పేరు పెట్టినప్పుడు తోట యజమాని పేరు గాక, తోటమాలి పేరు పెట్టాడు.

తీగను తుంచితే జిల్లేడువలె తెల్లని పాలు కారుతాయి. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనము, సుగంధిపాల అన్నీ ఈ కుటుంబములోనివే. హోయా గన్నేరువలె విషపు మొక్క కాదు. అయినను దీని పాలు చర్మమునకు, కంటికి మంట కలిగించవచ్చును గనుక కోసిన తరువాత చేతులు కడుగుకొనవలెను.

నీరు ఎప్పుడు పోయవలెను?

అడవిలో హోయా తరచుగా చెట్ల కొమ్మలమీద పెరుగుతుంది. అయితే మామిడిచెట్టుకు పట్టే బదనికవలె చెట్టు రసమును పీల్చదు. బెరడు పగుళ్ళలో చేరిన ఆకుల చెత్తలో వేళ్ళు పెట్టుకొంటుంది. వాన పడినప్పుడు వేళ్ళు తడుస్తాయి, గాలికి త్వరగా ఆరిపోతాయి. తీగ ఆ నీటిని దళసరి ఆకులలో దాచుకొంటుంది. ఈ సంగతి జ్ఞాపకముంచుకొంటే దాని పోషణ అంతయు అర్థమవుతుంది.

గనుక కుండీలో వట్టి బంకమట్టి వేయకూడదు. కడిగిన కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, కొంచెము ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి వేయవలెను. కుండీ అడుగున రంధ్రములు తప్పక ఉండవలెను. పెద్ద కుండీ కూడ వద్దు. వేళ్ళు ఇరుకుగా నిండియున్న చిన్న కుండీలోనే ఇది సుఖముగా ఉంటుంది.

నీరు పోసేముందు వేలు రెండు అంగుళములు లోపలికి దించి చూడండి. తడి తగిలితే పోయవద్దు. ఆకును మెల్లగా వంచి చూచుట మరియొక పద్ధతి. గట్టిగా నిలిస్తే దానిలో నీరు ఉన్నట్లే. మెత్తగా వంగి, లోపల మట్టి పొడిగా ఉంటే అప్పుడు నిండుగా పోసి, అడుగునుండి నీరు కారిపోనివ్వండి. ఆకులు వాడియుండి మట్టి మాత్రము తడిగా ఉంటే, అది దాహము కాదు, వేరు కుళ్ళు. అప్పుడు ఇంకా నీరు పోస్తే మొక్క దక్కదు. వెంటనే పైనున్న మంచి కొమ్మలు కోసి అంటు పెట్టుకొనవలెను.

వేసవిలో డ్రమ్ము నీరు కొనుక్కొనే ఊళ్ళవారు కూడ దీనిని పెంచవచ్చును. వంగి బిందె ఎత్తలేని పెద్దమ్మలు కూర్చున్న చోటునుండే దీనిని చూచుకొనగలరు.

వెలుతురు

తూర్పు కిటికీ ప్రక్కన గాని, నీడగల వరండాలో గాని వ్రేలాడదీయవలెను. ఉదయపు లేత యెండ మేలు చేస్తుంది. మన మే నెల యెండ నేరుగా తగిలితే ఆకులు పసుపెక్కి మాడిపోతాయి. రేకుల ఇండ్లలో పైకప్పుకు దగ్గరగా కట్టవద్దు, అక్కడ వేడి ఎక్కువ. అరకు, లంబసింగి వంటి చలి ప్రదేశములలో శీతాకాలపు రాత్రులు లోపల పెట్టుకొనవలెను. చీకటి మూలలో పెడితే మాత్రము ఆకులు నిలిచినా పూలు రావు.

కత్తెరను దూరముగా ఉంచండి

పూలు రాలిన తరువాత చిన్న మొండి కాడ ఒకటి తీగమీద మిగిలిపోతుంది. ఎండుపుల్లవలె కనబడుతుంది గనుక చాలమంది శుభ్రము చేయుదమని దానిని త్రుంచివేస్తారు. అలా చేయకండి! మరుసటి పూల గుత్తి ఆ కాడనుండియే వస్తుంది. అది ఏటేటా కొంచెము పొడవై మరల మరల పూస్తుంది. అట్లే, ఆకులు లేకుండ పొడవుగా సాగే లేత తీగలను కూడ కోయవద్దు. పట్టుకొనుటకు ఆధారము దొరికిన తరువాత వాటికి ఆకులు వస్తాయి. మొగ్గ కనబడిన తరువాత కుండీని చోటు మార్చవద్దు, మొగ్గలు రాలిపోవచ్చును. కొత్తగా అంటు కట్టిన మొక్క పూయుటకు రెండు మూడేండ్లు, కొన్నిసార్లు అంతకంటె ఎక్కువ పడుతుంది.

అంటు పెట్టుట

వానకాలము ఇందుకు మంచి సమయము. బాగుగా ముదిరిన కొమ్మను, రెండు మూడు కణుపులు ఉండునట్లు, శుభ్రమైన కత్తితో కోయండి. క్రింది ఆకులు తీసివేసి, కారిన పాలు తుడిచి, కొన్ని గంటలు నీడలో ఆరనివ్వండి. తరువాత ఒక సీసాలో నీరు పోసి, క్రింది కణుపు మునుగునట్లు పెట్టండి. మూడు నాలుగు రోజులకొకసారి నీరు మార్చండి. సుమారు నాలుగు వారములలో కణుపు దగ్గర వేళ్ళు వస్తాయి. అవి రెండు అంగుళములు కాగానే చిన్న కుండీలోనికి మార్చవచ్చును. మల్లెకు అంటు తొక్కినట్లే, తీగ కణుపును ప్రక్క కుండీలో అదిమిపెట్టి, వేరు వచ్చిన తరువాత తల్లి మొక్కనుండి వేరుచేయవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. హోయా కెర్రీ అనే రకము ఆకు హృదయాకారములో ఉంటుంది. థాయిలాండులో పనిచేసిన కెర్ అనే ఐర్లాండు వైద్యుని పేరుమీద దానికి ఆ పేరు వచ్చినది. పట్టణములలో ఒక్క ఆకును చిన్న కుండీలో గ్రుచ్చి, ప్రేమ కానుక అని అమ్ముతుంటారు. ఆ ఆకుకు వేరు వస్తుంది, ఏండ్లతరబడి పచ్చగా కూడ ఉంటుంది. అయితే కణుపు లేని ఆకు సాధారణముగా ఎన్నటికిని తీగ కాదు. మన యౌవనస్థులు కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టేముందు, కాడ, కణుపు ఉన్న మొక్కనే అడిగి కొనవలెను.

పురుగులు, గాలి

జిల్లేడుమీద కనబడే పసుపుపచ్చ పేనుబంక హోయా లేత కొనలకు కూడ పడుతుంది. దూదివంటి పిండినల్లి ఆకుల మొదట దాగుకొంటుంది. లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము కుంకుడురసము కలిపి సాయంకాలము చల్లండి. వారమునకొకసారి చొప్పున మూడుసార్లు చేయవలెను.

ఈ మొక్క ఇంటి గాలిని శుద్ధి చేస్తుందని కొందరు చెప్పుతారు. 2009లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమువారు మూసిన గాజుపాత్రలలో పరీక్షించినప్పుడు, చెడు వాయువులను పీల్చుటలో హోయా ముందున్న మొక్కలలో ఒకటిగా కనబడిన మాట నిజమే. కాని 2019లో ఇటువంటి పరిశోధనలన్నిటిని తిరిగి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, గాలి ఆడే ఇండ్లలో కొద్ది మొక్కలవలన చెప్పుకోదగిన మార్పు ఉండదని తేల్చారు. గనుక కట్టెల పొయ్యి పొగతో దగ్గుచున్న తల్లికి మొక్క చాలదు. కిటికీ తెరవండి, వీలైతే పొగగొట్టము పెట్టించండి.

తీగ పెరిగిన తరువాత ఒక కొమ్మ కోసి పొరుగువారికి ఇవ్వండి. అత్తవారింటికి వెళ్ళే కూతురి సంచిలో తడిగుడ్డ చుట్టి ఒక కొమ్మ పెట్టండి. ఎప్పుడైనా మీ తీగకు కుళ్ళు పట్టినా, ఆమె ఇంటినుండి ఒక కొమ్మ తిరిగి తెచ్చుకొనవచ్చును. కొమ్మ ఇచ్చునప్పుడు, నీరు ఎప్పుడు పోయకూడదో, ఏ కాడను త్రుంచకూడదో కూడ చెప్పి పంపుట మరువకండి.