మీకు తెలుసా? చెన్నైకి ‘సీజన్’ ఎలా వచ్చింది

డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా చెన్నైకి వచ్చేవాళ్లలో చాలామందికి బీచి అక్కర్లేదు, షాపింగ్ అక్కర్లేదు. కర్ణాటక సంగీత కచేరీలు కావాలి. అమెరికా, సింగపూర్ల నుంచి సెలవు దాచుకుని మరీ వస్తారు. ఊళ్లోవాళ్లు ఈ రోజుల్ని ‘సీజన్’ అంటారు. ఏ సీజనో అడగనక్కర్లేదు.

దీని మూలం ఒక రాజకీయ సభలో ఉంది! 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితోపాటే అఖిల భారత సంగీత సభ కూడా పెట్టారు. అక్కడ పుట్టిన ఆలోచనే 1928లో మ్యూజిక్ అకాడమీ అయింది. ఆ తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి, మైలాపూరులోనూ టి.నగర్‌లోనూ కచేరీలు పెట్టే సభలు పెరిగాయి. 2017లో యునెస్కో చెన్నైని సంగీత విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

డిసెంబరు నెలా బాగా కుదిరింది. ధనుర్మాసం కాబట్టి పెళ్లి ముహూర్తాలుండవు, ఎండా తగ్గుతుంది. పెళ్లివంటల్లో చేయితిరిగినవాళ్లు సభల దగ్గర క్యాంటీన్లు పెడతారు. అరటిపువ్వు వడ, కాశీ హల్వా, ఫిల్టర్ కాఫీ కోసమే వచ్చేవాళ్లూ ఉంటారు. తని ఆవర్తనం, అంటే మృదంగం వంతు, మొదలవగానే సగం హాలు క్యాంటీన్‌కు లేస్తుందని చెన్నైలో పాత జోకు. మృదంగ విద్వాంసులు మాత్రం దానికి నవ్వరు.

పాడేవాళ్లు, వినేవాళ్లు ఎక్కువగా తమిళులే. వేదిక మీద వినపడేది మాత్రం చాలావరకు త్యాగయ్య తెలుగు. మరి తెలుగునేల మీద? 2023 డిసెంబరులో కేంద్ర పర్యాటక శాఖ విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ‘కృష్ణవేణి సంగీత నీరాజనం’ మూడు రోజులు జరిపింది. మరుసటి ఏడూ జరిగింది. మంచిదే. కానీ పైఊరివాళ్లు రైలు టికెట్ తీసుకోవాలంటే ఏటా అదే వేళకు జరుగుతుందన్న నమ్మకం కుదరాలి. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం 1978లో మొదలైంది, ఈస్టర్ రోజుల్లోనే జరుగుతుందని అందరికీ తెలుసు. ఆ నమ్మకం లేకపోతే ఎంత గొప్ప గాయకుణ్ని పిలిచినా హాల్లో ఊరివాళ్లే కూర్చుంటారు.

ఈసారి చెన్నై వెళ్లేవాళ్లకు ఒక మాట: సాయంత్రం పెద్ద కచేరీలకే టికెట్. చాలా సభల్లో పగటిపూట కచేరీలు ఉచితం. రేపటి పేరున్న గాయకులు ఇవాళ పాడేది అప్పుడే.